గోళం మీద ఒక లెక్క: సెకండరీ కారెక్టరిస్టిక్ క్లాసులు, అంకగణిత రీమాన్-రోఖ్ సిద్ధాంతం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. నిర్వచనాలు తర్వాత చూద్దాం. ముందు బోర్డు మీద ఒక చిన్న లాటిస్ వేద్దాం, ఎందుకంటే ఇవాళ చెప్పబోయేదంతా దాంట్లో అప్పటికే ఉంది.

తలంలో రెండు వెక్టర్లు తీసుకోండి. ఒక్కొక్కదాని పొడవు వర్గం 2, రెండింటి డాట్ ప్రాడక్ట్ 1. వీటి పూర్ణాంక కలయికలన్నీ కలిపితే షట్కోణ లాటిస్ వస్తుంది. గ్రామ్ మాత్రిక (డాట్ ప్రాడక్ట్‌ల పట్టిక) నిర్ధారకం 2×2 − 1×1 = 3, కాబట్టి ప్రాథమిక గడి వైశాల్యం √3. అంకగణిత జ్యామితిలో లాటిస్ 'డిగ్రీ' అంటే గడి వైశాల్యపు లాగ్‌కి రుణ గుర్తు పెట్టినది. ఇక్కడ అది −½ లాగ్ 3.

ఇప్పుడు మొదటి వెక్టర్ పుట్టించే ఉపలాటిస్‌ని తీసుకుందాం. జనక వెక్టర్ పొడవు √2, డిగ్రీ −½ లాగ్ 2. మిగిలిన భాగం, అంటే కోషెంట్, కూడా ర్యాంక్ 1 లాటిసే. దాని జనకం పొడవెంత? రెండో వెక్టర్ పొడవే కదా అని √2 రాసేశామనుకోండి. అప్పుడు రెండు డిగ్రీల మొత్తం −½ లాగ్ 4 అవుతుంది. మనకు రావాల్సింది −½ లాగ్ 3. లెక్క తేలలేదు. కారణం తెలిసిందే: కోషెంట్‌లో పొడవు కొలవాలంటే రెండో వెక్టర్‌లో మొదటిదానికి లంబంగా ఉన్న భాగాన్నే కొలవాలి. దాని వర్గం 2 − ½ = 3/2. అప్పుడు −½ లాగ్ 2 − ½ లాగ్ (3/2) = −½ లాగ్ 3. సరిపోయింది.

అయితే మొదట రాసినదాన్ని 'తప్పు' అని కొట్టేయకండి. కోషెంట్ మీద √2 పొడవు పెట్టుకునే హక్కు మనకు ఉంది. కొన్నిసార్లు వేరే అవసరం కోసం అలాగే పెట్టాల్సి వస్తుంది కూడా. అప్పుడు సంకలన సూత్రం చెడుతుంది. ఎంత చెడిందో ½ లాగ్ (4/3) అనే సంఖ్య చెబుతుంది. ఈ సంఖ్యే సెకండరీ క్లాస్, దాని అతి చిన్న రూపంలో. ఎగ్జాక్ట్ సీక్వెన్స్‌కీ (ఉపభాగం, మొత్తం, కోషెంట్ అనే వరసకీ), దాని మీద మనం ఎంచుకున్న మెట్రిక్‌లకీ మధ్య ఎంత పొసగలేదో అది రాసిపెడుతుంది. ప్రాథమిక క్లాసులకు, అంటే మెట్రిక్‌ని పట్టించుకోని మామూలు చెర్న్ క్లాసులకు, ఈ తేడా కనపడదు. దాన్ని పారేస్తే అంకగణితంలో ఏ సమీకరణమూ నిలవదు. ఇవాళ చెప్పదలుచుకున్నది ఇదొక్కటే. మిగతాదంతా దీన్ని సంఖ్యలతో చూపించడం.

అసలు పూర్ణాంకాల గురించి మాట్లాడుతూ పొడవులు, మెట్రిక్‌లు ఎందుకు? 12 అనే సంఖ్య తీసుకోండి. దాని మామూలు పరమ విలువ 12. 2-ఎడిక్ విలువ 1/4, 3-ఎడిక్ విలువ 1/3. మిగతా అన్ని ప్రధాన సంఖ్యల దగ్గర 1. వీటన్నింటి లబ్ధం 1. సున్నా కాని ఏ అకరణీయ సంఖ్యకైనా ఇంతే. మామూలు పరమ విలువను వదిలేసి కేవలం ప్రధాన సంఖ్యల దగ్గరి విలువలు గుణిస్తే ఈ లబ్ధం నిలవదు. మూసిన వక్రం మీద ఒక ఫలనానికి ఉన్న సున్నాలూ ధ్రువాలూ సరిసమానం అవుతాయి. తెరిచిన వక్రం మీద అవవు. పూర్ణాంకాల వలయం తెరిచిన వక్రం లాంటిది. దాన్ని మూయాలంటే 'అనంతం దగ్గరి స్థానం' చేర్చాలి. ఆ స్థానంలో ప్రధాన సంఖ్యతో భాగహారం ఉండదు, కొలత మాత్రమే ఉంటుంది. అందుకే అంకగణిత వైవిధ్యం (పూర్ణాంక గుణకాల సమీకరణాలు ఇచ్చే జ్యామితీయ రూపం) మీద బండిల్ (ప్రతి బిందువు దగ్గరా ఒక వెక్టర్ స్పేస్) ఇస్తే చాలదు, దాని సంకీర్ణ బిందువుల మీద హెర్మీషియన్ మెట్రిక్ కూడా ఇవ్వాలి. 1974లో అరకేలోవ్ అంకగణిత తలాల మీద ఛేదన సంఖ్యలను ఇలాగే నిర్వచించాడు.

మెట్రిక్ వచ్చిందంటే వక్రత వస్తుంది. వక్రత వస్తే చెర్న్ క్లాసుకు (బండిల్ ఎంత మెలి తిరిగిందో చెప్పేదానికి) బదులు చెర్న్ ఫారం వస్తుంది: క్లాస్ కాదు, ప్రతి బిందువు దగ్గరా విలువున్న నిక్కమైన డిఫరెన్షియల్ ఫారం. ఉపబండిల్, బండిల్, కోషెంట్ ఉన్న ఎగ్జాక్ట్ సీక్వెన్స్ తీసుకుంటే చెర్న్ కారెక్టర్ (చెర్న్ క్లాసులతో కట్టిన, కూడికకు అనువైన రూపం) క్లాసులు కూడతాయి. ఫారాలు మాత్రం కూడవు. తేడా ఒక ఎగ్జాక్ట్ ఫారం అవుతుంది. ఆ తేడా దేని డెరివేటివ్? ఆ 'దేని' అన్నదానికి జవాబే సెకండరీ క్లాస్.

ఇక్కడ రెండు దారులున్నాయి, వాటిని కలిపేయకూడదు. కనెక్షన్ మాత్రమే ఉన్న నునుపు బండిళ్లకు తేడాను 'డి' అనే మొదటి తరగతి ఆపరేటర్ కింద రాస్తాం. అది చెర్న్-సైమన్స్ దారి, 1974 నాటిది. హోలోమార్ఫిక్ బండిళ్లకు ఇంకా బలమైన మాట చెప్పొచ్చు: తేడాను 'డి-డి-సీ' అనే రెండో తరగతి ఆపరేటర్ కింద రాయొచ్చు. ఇది బాట్, చెర్న్‌లు 1965లోనే చేశారు. అంకగణిత జ్యామితికి కావలసింది ఈ రెండోదే. గ్రీన్ ఫలనం (ఒక ఉపవైవిధ్యం దగ్గర లాగ్ లాగా అనంతానికి పోయే ఫలనం) సంతృప్తిపరిచే సమీకరణం కూడా డి-డి-సీ సమీకరణమే కాబట్టి రెండూ అతుకుతాయి.

బాట్-చెర్న్ సెకండరీ ఫారాన్ని మూడు షరతులు పూర్తిగా నిర్ణయిస్తాయి. దాని డి-డి-సీ, చెర్న్ ఫారాల తేడాకి సమానం కావాలి. మ్యాప్ వెంట వెనక్కి లాగితే లాగిన సీక్వెన్స్ ఫారమే రావాలి. సీక్వెన్స్ లంబంగా విడిపోతే, అంటే బండిల్ రెండు ముక్కల లంబ మొత్తమే అయితే, అది సున్నా కావాలి. ఈ మూడూ కలిస్తే ఫారం ఒక్కటే, కానీ డెల్, డెల్-బార్‌ల ('డి' ఆపరేటర్ విడిపోయే రెండు ముక్కల) ఇమేజిలో ఉండే ఫారాల మేరకు మాత్రమే. ఈ చివరి మాట మరిచిపోయి 'ఆ ఫారం విలువ ఈ బిందువు దగ్గర ఇంత' అని రాస్తే ఆ వాక్యానికి అర్థం లేదు. సమాకలనం చేసినప్పుడే సంఖ్య నిలుస్తుంది.

తయారుచేసే పద్ధతి కూడా సూటిగా ఉంటుంది. మన వైవిధ్యాన్ని ప్రొజెక్టివ్ లైన్‌తో గుణించి, దాని మీద ఒక బండిల్ కడతాం. పరామితి సున్నా దగ్గర అది మన అసలు బండిల్, అనంతం దగ్గర విడిపోయిన బండిల్. దాని చెర్న్ కారెక్టర్ ఫారాన్ని లాగ్ |జెడ్| వర్గంతో గుణించి ప్రొజెక్టివ్ లైన్ వెంట సమాకలనం చేస్తే చాలు. లాగ్ |జెడ్| వర్గం డి-డి-సీ తీస్తే సున్నా దగ్గర ఒక డెల్టా, అనంతం దగ్గర వ్యతిరేక గుర్తుతో ఒక డెల్టా వస్తాయి. అందుకే రెండు కొసల తేడా బయటపడుతుంది.

ఇక జిలెట్, సూలేల అంకగణిత చౌ గ్రూపులు. 1990లో వచ్చిన ఈ నిర్మాణంలో ప్రతి మూలకం ఒక జత: ఒక సైకిల్ (ఉపవైవిధ్యాల పూర్ణాంక కలయిక), దాని కోసం ఒక గ్రీన్ కరెంట్ (గ్రీన్ ఫలనం లాంటిదే, సింగులారిటీ ఉండగల ఫారం). సైకిల్ ఏమీ లేకుండా ఫారం మాత్రమే ఉన్న జతలు కూడా ఇందులో ఉంటాయి. సెకండరీ క్లాసులు వచ్చి కూర్చునేది అక్కడే. ఎగ్జాక్ట్ సీక్వెన్స్‌కి అంకగణిత చెర్న్ కారెక్టర్లు కూడనప్పుడు, తేడా సరిగ్గా '(0, బాట్-చెర్న్ ఫారం)' అనే జత అవుతుంది. డిగ్రీ లెక్కలో ఇలాంటి జతకు ఆ ఫారం సమాకలనంలో సగం విలువ ఇస్తాం. సగం ఎందుకంటే గ్రీన్ ఫలనాన్ని −లాగ్ (నార్మ్ వర్గం) అని రాస్తున్నాం, డిగ్రీని మాత్రం −లాగ్ (నార్మ్) అని. ఈ సగాన్ని గుర్తుపెట్టుకోండి. ముందు ముందు పొరపాట్లలో ఎక్కువ భాగం దీని దగ్గరే జరుగుతాయి.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. పూర్ణాంకాల మీద ప్రొజెక్టివ్ లైన్. దాని సంకీర్ణ బిందువులు గోళం. దాని మీద ఓ(1) బండిల్‌కి (ఎక్స్0, ఎక్స్1 ల మొదటి డిగ్రీ రూపాలు సెక్షన్లుగా ఉన్న లైన్ బండిల్‌కి) ఫుబిని-స్టడీ మెట్రిక్ పెడదాం: సెక్షన్ పరమ విలువ వర్గాన్ని |ఎక్స్0|² + |ఎక్స్1|² తో భాగించడం. ఈ బండిల్ మొదటి అంకగణిత చెర్న్ క్లాస్‌ని 'హెచ్' అందాం. హెచ్ వర్గం డిగ్రీ ఎంత?

ఎక్స్0 అనే సెక్షన్ తీసుకోండి. దాని సున్నా ఒకటే బిందువు, [0:1]. ఆ బిందువు దగ్గర బండిల్ జనకం ఎక్స్1, దాని నార్మ్ అక్కడ 1. కాబట్టి సైకిల్ భాగం నుంచి సున్నా వస్తుంది. మిగిలింది గ్రీన్ ఫలనం భాగం. జెడ్ = ఎక్స్1/ఎక్స్0 అని రాస్తే −లాగ్ (నార్మ్ వర్గం) అంటే లాగ్ (1 + |జెడ్|²). దీన్ని మొత్తం ద్రవ్యరాశి 1 ఉన్న ఫుబిని-స్టడీ ఫారంతో సమాకలనం చేయాలి. |జెడ్|² = యు పెడితే, లాగ్ (1+యు) ని (1+యు)² తో భాగించి 0 నుంచి అనంతం దాకా సమాకలనం. విలువ 1. సగం తీసుకుంటే ½. అంటే హెచ్ వర్గం డిగ్రీ ½. సంకీర్ణ జ్యామితిలో గోళం మీద హెచ్ వర్గానికి చోటే లేదు, అది సున్నా. అంకగణితంలో ఒక పరిమాణం ఎక్కువ ఉంటుంది కాబట్టి దానికి చోటుంది, విలువ కూడా ఉంది.

ఆయిలర్ సీక్వెన్స్ చూడండి: తుచ్ఛ బండిల్, ఓ(1) రెండు ప్రతులు, టాంజెంట్ బండిల్. మధ్యదాని మెట్రిక్‌నే అటూ ఇటూ దించుదాం. తుచ్ఛ బండిల్‌లో 1 అనే సెక్షన్ (ఎక్స్0, ఎక్స్1) కి వెళ్తుంది. దాని నార్మ్ అన్ని చోట్లా 1. టాంజెంట్ బండిల్ మెట్రిక్‌తో సహా ఓ(2) అవుతుంది, దాని మొదటి క్లాస్ 2హెచ్. మధ్య బండిల్ మొత్తం చెర్న్ క్లాస్ (1+హెచ్)², అంటే 1 + 2హెచ్ + హెచ్². రెండు కొసల లబ్ధం 1 + 2హెచ్ మాత్రమే. హెచ్² మిగిలిపోయింది, దాని డిగ్రీ ½. మెట్రిక్‌లన్నీ సహజంగా దించినవే, ఎక్కడా కావాలని చెడగొట్టలేదు. అయినా తేడా వచ్చింది, ఎందుకంటే సీక్వెన్స్ హోలోమార్ఫిక్‌గా విడిపోదు. ఈ తేడాను మోసేది రెండో చెర్న్ క్లాస్ తాలూకు బాట్-చెర్న్ ఫారం. దాని గోళం మీది సమాకలనం పరిమాణం 1 కావాలి, సగం చేస్తే ½. రెండో ఫండమెంటల్ ఫారం వైపు నుంచి చూసినా ఇదే వస్తుంది: తుచ్ఛ ఉపబండిల్ వక్రత సున్నా, దాని మీద మధ్య బండిల్ వక్రత ఫుబిని-స్టడీ ఫారం, కాబట్టి రెండో ఫండమెంటల్ ఫారం వర్గం ఆ ఫారమే. లాటిస్ ఉదాహరణలో మనం మెట్రిక్ మార్చినందుకు తేడా వచ్చింది. ఇక్కడ జ్యామితే ఆ తేడాను తెచ్చింది.

రీమాన్-రోఖ్‌కి వెళ్దాం. చరిత్ర రెండు ముక్కల్లో: 1857లో రీమాన్ అసమానత, 1865లో రోఖ్ దాన్ని సమానత చేశాడు. 1954లో హిర్జెబ్రూఖ్ ఎన్ని పరిమాణాలకైనా సూత్రం ఇచ్చాడు, 1957లో గ్రోతెండీక్ దాన్ని మ్యాప్‌ల గురించిన సిద్ధాంతంగా మార్చాడు. గ్రోతెండీక్ రూపంలో ఎడమ వైపు కోహోమాలజీ (బండిల్ సెక్షన్లు, వాటికి వచ్చే అడ్డంకులు), కుడి వైపు చెర్న్ కారెక్టర్ ఇంటు టాడ్ క్లాస్ (టాంజెంట్ బండిల్ చెర్న్ క్లాసులతో కట్టేది). పూర్ణాంకాల మీద ఈ రెండు వైపులా డిగ్రీలు తీయాలంటే కోహోమాలజీ లాటిస్ మీద ఒక మెట్రిక్ కావాలి.

ఏ మెట్రిక్? సహజంగా తోచేది ఎల్2 మెట్రిక్: సెక్షన్ నార్మ్ వర్గాన్ని సమాకలనం చేయడం. ఒక కుటుంబంలో కోహోమాలజీ ఉన్నట్టుండి పెరిగే చోట ఇది చెడిపోతుంది. ఎలిప్టిక్ వక్రం మీద డిగ్రీ 0 లైన్ బండిళ్లు చూడండి. తుచ్ఛ బండిల్‌కి సెక్షన్ల పరిమాణం 1, మొదటి కోహోమాలజీ పరిమాణం కూడా 1. మిగతా అన్నింటికీ రెండూ సున్నా. బండిల్ తుచ్ఛ బండిల్‌ని సమీపించే కొద్దీ లాప్లాసియన్ అతి చిన్న ఐగెన్ విలువ సున్నాకి జారుతుంది. సరిగ్గా ఆ బిందువు దగ్గర ఎల్2 మెట్రిక్ తెగుతుంది. 1985లో క్విలెన్ చూపిన మందు ఇది: ఎల్2 మెట్రిక్‌ని లాప్లాసియన్ల సున్నా కాని ఐగెన్ విలువల క్రమీకృత లబ్ధంతో సవరించాలి. ఈ లబ్ధమే రే, సింగర్‌లు 1973లో సంకీర్ణ మానిఫోల్డ్‌లకు నిర్వచించిన అనలిటిక్ టార్షన్. ఒకటి తెగే చోట రెండోది పేలుతుంది, రెండూ కలిస్తే నునుపు.

అనంత లబ్ధాన్ని క్రమీకరించడం అంటే ఏమిటి? ఐగెన్ విలువల రుణ ఘాతాలు కూడి ఒక జీటా ఫలనం కట్టి, దాన్ని సున్నా దాకా పొడిగించి, అక్కడ డెరివేటివ్ తీయడం. పొడిగించవచ్చు అనే హామీ ఎక్కడి నుంచి వచ్చింది? ఇక్కడ ఒక పేరు చెప్పి తీరాలి. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితాచార్యుడిగా పనిచేసిన సుబ్బరామయ్య మీనాక్షిసుందరం, స్వీడన్ గణితవేత్త ఓకె ప్లేయెల్‌తో కలిసి 1949లో రీమానియన్ మానిఫోల్డ్‌ల మీద ఈ జీటా ఫలనాన్ని, దాని పొడిగింపును, ఉష్ణ కెర్నెల్ విస్తరణ గుణకాలను స్థాపించారు. ఇవాళ వాటిని మీనాక్షిసుందరం-ప్లేయెల్ గుణకాలు అంటారు. టార్షన్ అనే మాట రాసిన ప్రతి పేజీ కిందా ఈ పని ఉంది. మన తెలుగు నేల మీద ఈ పేరు గణిత విద్యార్థులందరికీ తెలిసి ఉండాలి.

గోళం మీద తుచ్ఛ బండిల్‌కి ఈ లెక్క చేద్దాం. ఆయిలర్ సీక్వెన్స్ నుంచి వచ్చిన మెట్రిక్‌తో డెల్-బార్ లాప్లాసియన్ సరిగ్గా ప్రమాణ గోళపు లాప్లాసియనే. ఐగెన్ విలువలు ఎన్(ఎన్+1), ఒక్కొక్కటి 2ఎన్+1 సార్లు. గోళం ఘనపరిమాణం, 2పై తో భాగించే సంప్రదాయంలో, 1. కాబట్టి 1 అనే సెక్షన్ ఎల్2 నార్మ్ 1, దాని లాగ్ సున్నా. మొత్తం భారం టార్షన్ మీదే.

ఆత్రంగా చేస్తే ఇలా చేస్తాం: లాగ్ ఎన్(ఎన్+1) ని లాగ్ ఎన్, లాగ్ (ఎన్+1) గా విడగొట్టి, రెండో దాంట్లో సూచిక ఒకటి జరిపితే, 2ఎన్+1, 2ఎన్−1 కలిసి 4ఎన్ అవుతుంది. అంటే మొత్తం 4 ఎన్ లాగ్ ఎన్ ల శ్రేణి. ఎన్ లాగ్ ఎన్ ల క్రమీకృత మొత్తం −జీటా′(−1). కాబట్టి మన జీటా ఫలనం డెరివేటివ్ సున్నా దగ్గర 4జీటా′(−1) అని రాస్తాం. ఇది తప్పు. అపసరణ శ్రేణుల్ని విడగొట్టి, జరిపి, మళ్లీ కలిపితే క్రమీకరణ దాన్ని భరించదు. ఎన్(ఎన్+1) ని (ఎన్+½)² − ¼ అని రాసి, ద్విపద విస్తరణ చేసి, ధ్రువం దగ్గర వచ్చే పదాన్ని జాగ్రత్తగా పట్టుకుంటే సరైన జవాబు 4జీటా′(−1) − ½. ఆ −½ చిన్నది కాదు, కాసేపట్లో చూస్తారు. దీన్నుంచి ఎడమ వైపు డిగ్రీ, సగం తీసి గుర్తు మారిస్తే, ¼ − 2జీటా′(−1). జీటా′(−1) సుమారు −0.16542, కాబట్టి డిగ్రీ సుమారు 0.58084.

కుడి వైపు. తుచ్ఛ బండిల్ చెర్న్ కారెక్టర్ 1. టాడ్ క్లాస్‌లో మనకు కావలసిన పదం మొదటి క్లాస్ వర్గం బై 12. మొదటి క్లాస్ 2హెచ్, వర్గం 4హెచ్², డిగ్రీ 2. బై 12 అంటే 1/6. సుమారు 0.16667.

ఎడమ 0.58084, కుడి 0.16667. గ్రోతెండీక్ సూత్రాన్ని ఉన్నది ఉన్నట్టు మెట్రిక్‌లతో రాసేస్తే అది అబద్ధం. తేడా 1/12 − 2జీటా′(−1), సుమారు 0.41418. ఇది పొరపాటు కాదు, ఏ సంప్రదాయం మార్చినా సహజంగా పోయేది కాదు. జిలెట్, సూలేలు ఎక్కువ పరిమాణాల ప్రొజెక్టివ్ స్పేస్‌లకు కూడా ఈ లెక్క చేసి, 1991లో జాగియర్ అనుబంధంతో ప్రచురించారు. ఆ తేడాలన్నీ ఒకే ఒక సార్వత్రిక ఘాత శ్రేణి నుంచి వస్తున్నాయి. దాని పేరు ఆర్-జీనస్. అందులో బేసి ఘాతాలే ఉంటాయి. 'ఎం' వ ఘాతం గుణకం: 2జీటా′(−ఎం) కి, జీటా(−ఎం) ఇంటూ (1 + 1/2 + … + 1/ఎం) కలిపి, ఎం ఫ్యాక్టోరియల్‌తో భాగించాలి. ఎం = 1 కి జీటా(−1) = −1/12 కాబట్టి గుణకం 2జీటా′(−1) − 1/12.

దీన్ని మన గోళానికి వాడండి. టాంజెంట్ బండిల్ డిగ్రీ 2, సమాకలనంలో సగం, గుర్తు రుణం: −(2జీటా′(−1) − 1/12). దీన్ని 1/6 కి కలిపితే 1/6 + 1/12 − 2జీటా′(−1) = ¼ − 2జీటా′(−1). రెండు వైపులూ పైసాతో సహా సరిపోయాయి. ఇందాకటి −½ ఏమైందో చూడండి: ఎడమ వైపు అది ¼ అయింది, కుడి వైపు 1/6 గా, 1/12 గా విడిపోయింది. 1/6 హెచ్ వర్గం నుంచి వచ్చింది, 1/12 ఆర్-జీనస్ నుంచి. ఆత్రపు లెక్కలో −½ ని పోగొట్టుకుని ఉంటే ఎన్ని పేజీలు తిప్పినా సమీకరణం కుదిరేది కాదు.

1987లో దెలీన్ వక్రాల కుటుంబాలకు, ఏ మెట్రిక్‌లతోనైనా, ఇలాంటి ఐసోమెట్రీ ఇచ్చినప్పుడు జీనస్ (రంధ్రాల సంఖ్య) మీద మాత్రమే ఆధారపడే ఒక స్థిరాంకం మిగిలిపోయింది. మన సూత్రాన్ని జీనస్ 'జి' ఉన్న వక్రానికి రాసి 12తో గుణిస్తే, గుర్తు సంప్రదాయం మేరకు, అది (1−జి) ఇంటూ (24జీటా′(−1) − 1) అని బయటపడుతుంది. గోళానికి జి = 0.

నిరూపణ ఎలా నడుస్తుంది? గ్రోతెండీక్ దారే: మ్యాప్‌ని ఒక క్లోజ్డ్ ఇమ్మర్షన్ (చిన్న వైవిధ్యాన్ని పెద్ద దాంట్లో పొదగడం), ఒక ప్రొజెక్షన్ గా విడగొట్టడం. ప్రొజెక్షన్ భాగం ఇందాకటి లాంటి లెక్క. కష్టమంతా ఇమ్మర్షన్‌లో ఉంది. చిన్న వైవిధ్యం మీది బండిల్‌ని పెద్ద దాని మీద బండిళ్ల రిజల్యూషన్‌తో (దానికి బదులుగా నిలిచే బండిళ్ల వరసతో) మార్చినప్పుడు క్విలెన్ మెట్రిక్‌లు ఎలా మారతాయి? ఇక్కడ సెకండరీ క్లాస్ నునుపు ఫారంగా కూడా మిగలదు. ఇమ్మర్షన్ వెంట సింగులారిటీ ఉన్న కరెంట్ అవుతుంది. బిస్మూ, జిలెట్, సూలే ఆ కరెంట్లను కట్టారు. బిస్మూ, లెబో 1991లో క్విలెన్ మెట్రిక్‌ల పోలికను పూర్తి చేశారు. ఆశ్చర్యం ఏమిటంటే, బిస్మూ హార్మానిక్ ఆసిలేటర్ వైపు నుంచి బయల్దేరి చేరిన శ్రేణీ, ప్రొజెక్టివ్ స్పేస్‌ల లెక్కల్లోంచి వచ్చిన శ్రేణీ ఒకటే. 1992లో జిలెట్, సూలేల సిద్ధాంతం మొదటి డిగ్రీలో, అంటే డిటర్మినెంట్ బండిల్‌కి, వచ్చింది. అదే ఏడు ఫాల్టింగ్స్ మరో నిరూపణ దారి ఇచ్చాడు. అన్ని డిగ్రీల్లో చెప్పాలంటే టార్షన్ సంఖ్యగా ఉంటే చాలదు, ఫారం కావాలి. బిస్మూ, కోలర్‌లు ఆ టార్షన్ ఫారాలు కట్టారు, వాటితో 2008లో జిలెట్, రోస్లర్, సూలేలు పై డిగ్రీలకు నిరూపించారు.

ఉపయోగం ఒక్కటి చెబుతాను. పాజిటివ్ బండిల్ పెద్ద ఘాతాలకు చిన్న నార్మ్ ఉన్న పూర్ణాంక సెక్షన్లు ఉన్నాయా? కుడి వైపు ఘాతం 'కె' తో కె^(డి+1) లాగా పెరుగుతుంది, 'డి' సంకీర్ణ పరిమాణం. టార్షన్ మాత్రం, బిస్మూ-వాసెరో ఫలితం వల్ల, కె^డి లాగ్ కె ని మించదు. కాబట్టి అది పక్కకు తొలగి, లాటిస్ ఘనపరిమాణం గురించిన స్పష్టమైన మాట మిగులుతుంది; ఆపైన మింకోవ్‌స్కీ సిద్ధాంతం చిన్న సెక్షన్‌ని ఇస్తుంది. 1991లో వోయ్టా మోర్డెల్ ఊహకి (జీనస్ కనీసం 2 ఉన్న వక్రం మీద అకరణీయ బిందువులు పరిమితమే అనే మాటకి) ఇచ్చిన కొత్త నిరూపణ ఈ దారిలోనే నడిచింది.

ఇక లెక్కలు స్వయంగా చేసేవాళ్లకి. సంప్రదాయాలు ఎక్కడ జారతాయో చెబుతాను. డెల్-బార్ లాప్లాసియన్‌కి బదులు దాని రెట్టింపైన మామూలు డి-లాప్లాసియన్ వాడితే, ఐగెన్ విలువలన్నీ 2తో గుణించుకుపోతాయి. గోళం మీద జీటా ఫలనం విలువ సున్నా దగ్గర −2/3, కాబట్టి డిగ్రీ ⅓ లాగ్ 2 మేర తగ్గుతుంది. వాల్యూమ్ ఫారంలో 2పై వదిలేసి మామూలు వైశాల్యం రాస్తే గోళం వైశాల్యం ఇక్కడ 2పై అవుతుంది, డిగ్రీ ½ లాగ్ 2పై తగ్గుతుంది. జవాబులో అనుకోకుండా లాగ్ 2 గానీ లాగ్ పై గానీ కనిపిస్తే ముందు ఈ రెండు చోట్లా వెతకండి.

సంప్రదాయం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. టాంజెంట్ బండిల్ మెట్రిక్‌ని ఒక ధన స్థిరాంకం 'ఎ' తో గుణించండి. ఎడమ వైపు రెండు మార్పులు వస్తాయి. ఘనపరిమాణం 'ఎ' రెట్లు కాబట్టి ఎల్2 నుంచి −½ లాగ్ ఎ. ఐగెన్ విలువలన్నీ 'ఎ' తో భాగించుకుపోతాయి కాబట్టి టార్షన్ నుంచి −½ లాగ్ ఎ ఇంటూ (−2/3). మొత్తం −½ × ⅓ లాగ్ ఎ, అంటే −1/6 లాగ్ ఎ. ఆ ⅓ ఎక్కడిది? గోళం ఉష్ణ ట్రేస్ విస్తరణ 1/టి + 1/3 + టి/15 + … అని మొదలవుతుంది. అందులోని స్థిర పదం, మీనాక్షిసుందరం-ప్లేయెల్ గుణకం. సున్నా ఐగెన్ విలువ ఒకటి తీసేస్తే −2/3.

కుడి వైపు టాంజెంట్ బండిల్ మొదటి క్లాస్‌కి (0, −లాగ్ ఎ) చేరుతుంది. వర్గం బై 12 లో మార్పు: రెండు సార్లు మొదటి క్లాస్ ఇంటూ −లాగ్ ఎ, సమాకలనం −4 లాగ్ ఎ, సగం −2 లాగ్ ఎ, బై 12 అంటే −1/6 లాగ్ ఎ. ఆర్-జీనస్ పదం టోపాలజీ మీదే ఆధారపడుతుంది కాబట్టి కదలదు. ఈ −1/6 లాగ్ ఎ, రెండు మెట్రిక్‌ల మధ్య టాడ్ క్లాస్ తాలూకు బాట్-చెర్న్ సెకండరీ క్లాస్ డిగ్రీ. 1988లో బిస్మూ, జిలెట్, సూలేలు నిరూపించిన అనామలీ సూత్రం ఏ మెట్రిక్ మార్పుకైనా ఇదే చెబుతుంది: క్విలెన్ మెట్రిక్ ఎంత మారిందో సెకండరీ టాడ్, సెకండరీ చెర్న్ కారెక్టర్ల సమాకలనం అంత. మొదట బోర్డు మీద వేసిన లాటిస్‌లో ½ లాగ్ (4/3) చేసిన పనే ఇక్కడ −1/6 లాగ్ ఎ చేస్తోంది.